రెయిలింగుకి కట్టిన ముడులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉక్కు కర్మాగారంలో ముప్పై రెండేళ్ళు ఫిట్టరుగా చేసినవాడికి ఆ మాత్రం కోపం లేకపోతే పని సాగదని నా వాదన. పని సాగడానికి స్పానరు చాలదా అని మా ఆవిడ వాదన. రిటైరయ్యాక అరవడానికి మనుషులు లేకపోయేసరికి నా దృష్టి ఇంట్లో సామాన్ల మీద పడింది. కారని కుళాయిలు విప్పి బిగించాను. బాగా తిరుగుతున్న మిక్సీని బాగుచేశాను, దాంతో అది తిరగడం మానేసింది. మూడో నెలలో మా ఆవిడ నా పనిముట్ల సంచీ తెచ్చి గుమ్మం బయట పెట్టింది. "ఊళ్ళో నిజంగా పాడైన సామాన్లు బోలెడున్నాయి. ఎల్లి అయి బాగుసెయ్యండి. మీకు పుణ్యం, మాకు శాంతి" అంది.

అలా మొదలైంది మా శనివారాల పని. నాతోపాటే రిటైరయిన వెల్డరు ఒకడున్నాడు. వరసకి ఏమీ కాడు గానీ ముప్పై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటున్నాం. ఇద్దరం మద్దిలపాలెం జంక్షన్లో టీ తాగి, సంచులు భుజాన వేసుకుని బయల్దేరేవాళ్ళం. ముసలివాళ్ళు, కాలో చెయ్యో సరిగా లేనివాళ్ళు, మేస్త్రీని పిలిపించుకునే స్తోమత లేనివాళ్ళు ఎక్కడున్నారని తెలిస్తే అక్కడికి. ద్వారకా నగర్ వెనక సందులో పోలియో వచ్చిన ఒక టైలరు మూడు చక్రాల బండికి బ్రేకు వేశాం. మంచం పట్టిన ఒక ముసలమ్మకి ఫ్యాను స్విచ్చి చేతికందేలా కిందికి దించాం. ఆవిడ ఆ పూటంతా ఫ్యాను వేసి ఆపి, వేసి ఆపి, చిన్నపిల్లలా నవ్వింది. ఎక్కడైనా టీ ఇస్తే తాగేవాళ్ళం. ఇవ్వకపోతే ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చేసేవాళ్ళం.

ఒకరోజు ఆ జంక్షన్లోనే ఒక ఆటో అతను మమ్మల్ని పట్టుకున్నాడు. బీచ్ రోడ్డుకి దిగువన జాలర్ల పేటలో ఉంటాడు.

"మా పెదనాన్న గురించి బాబూ. కళ్ళు పోనాయి. అయినా పొద్దున్నే బోట్లకాడికి ఒక్కడే ఎల్తానంటాడు. మొన్న వానల్లో పడిపోనాడు. మా అప్ప ఇంక ఊరుకోనంతంది. ఇంకోపాలి పడితే పెందుర్తి తీసుకుపోతానంతంది. మీరేటైనా సెయ్యగలరేటి?"

అప్ప అంటే ఆ పెద్దాయన కూతురు. పెందుర్తిలో రెండో అంతస్తులో కాపురం, ద్వారకా నగర్లో బట్టల షాపులో ఉద్యోగం. భర్తా తనూ పొద్దున్న వెళితే చీకటి పడ్డాకే రావడం. అంటే ఆయన అక్కడికి వెళితే రోజంతా తలుపు వేసిన గదిలో ఉండాలన్నమాట.

ఆ శనివారమే వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. నీటికాసులు వచ్చి కొన్నేళ్ళలో చూపంతా తినేశాయి. భార్య పోయింది. ఒక్క గది ఇల్లు, గోడ పక్కనే తమ్ముడి కొడుకు, అదే ఆ ఆటో అతని ఇల్లు. తిండి అక్కణ్ణుంచే వస్తుంది. కాబట్టి ఆయనకి అన్నానికి లోటు లేదు, పలకరింపుకీ లోటు లేదు. ఆయనకి కావలసింది ఒక్కటే. తెల్లారేక బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, సందు చివర ఇసక మొదలయ్యే చోటికి వెళ్ళడం. అక్కడ కూర్చుంటే కుర్రకారు చేపల బుట్టలు ఆయన ముందు దించేవారు. వేళ్ళతో తడిమి చందువో కోనెమో చెప్పేవాడు. మొప్ప కింద వేలు పెట్టి, పట్టి ఎంతసేపయిందో కూడా చెప్పేవాడు. ఎవడైనా పాత సరుకు కొత్తదని బుకాయిస్తే, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, ఇది నీకన్నా ముందే సచ్చిపోనాదిరా" అనేవాడు. ఒడ్డంతా గొల్లుమనేది.

ఇంటి గుమ్మం నుంచి ఇసక దాకా నలభై రెండు అడుగులు. మధ్యలో వీధి కుళాయి, దానికి ముందు రెండు మెట్లు, కుళాయి దగ్గర సందు ఎడమకి తిరుగుతుంది. చివర మళ్ళీ మూడు మెట్లు. నేను టేపు పెట్టి కొలిచి, సుద్దముక్కతో గోడ మీద గీతలు గీశాను. ఇనప పైపు రెయిలింగు వేస్తే చాలు, గుమ్మం దగ్గర పట్టుకుంటే ఇసక దగ్గర వదలొచ్చు.

గుమ్మంలో కూర్చున్న ఆయన, "బాబూ, నాదొక మాట" అన్నాడు.

"నాను సేత్తాను కదా మావా. ముప్పై రెండేళ్ళు సేసిన పని. నువ్వు కూకో" అన్నాను.

ఇంకాసేపటికి మళ్ళీ, "అది కాదు బాబూ" అన్నాడు. అప్పటికి నేను డ్రిల్లు వేసేశాను. ఆ చప్పుడులో వినపడలేదని తర్వాత మా బావతో చెప్పాను గానీ, వినపడింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

రెండు శనివారాలు పట్టింది. స్తంభాలు సిమెంటులో నిలబెట్టాం. మా బావ వెల్డింగు చేస్తే, ఆ అతుకులన్నీ నేను గ్రైండరుతో అరగదీశాను. కర్మాగారంలో చేరిన కొత్తలో మా పైవాడు, చార్జిమాన్, నేర్పిన పాఠం అది. కళ్ళు మూసుకుని వేలితో రాస్తే అతుకు ఎక్కడుందో తెలియకూడదు, అప్పుడే అది పని అనేవాడు. ఆ నలభై రెండు అడుగుల పైపునీ అలాగే చేశాను. ఒంపు దగ్గర కూడా వేలు ఆగదు. మీద రెండు పూతలు ఎర్ర ప్రైమరు, దాని మీద నీలం రంగు. పని అయ్యాక నేనే నాలుగైదుసార్లు రాసి చూసుకుని మురిసిపోయాను. "ఒరే బావా, కొత్త పెళ్ళికూతురి సెయ్యి నిమిరినట్టు నిమురుతున్నావేట్రా" అని మా బావ ఎగతాళి చేశాడు.

మూడో రోజు ఆటో అతను ఫోను చేశాడు. పెదనాన్న కుళాయి దగ్గర మెట్ల మీద పడ్డాడని.

నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. మోకాళ్ళు రెండూ దోక్కుపోయాయి. కుడి మణికట్టు బెణికి వాచింది. కూతురు షాపు నుంచి అటే వచ్చేసినట్టుంది, భుజాన బ్యాగు అలాగే ఉంది. యాభై ఏళ్ళుంటాయి ఆవిడకి. పెద్ద గొంతు కాదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది.

"మీరు మంచోలే అన్నియ్యా, కాదన్ను. ఎండలో పడి సేసినారు. కానీ మెట్ల మీద పడితే కాలిరుగుతాది, కట్టు కడతారు. అది కాదు నా భయం. ఈ గొట్టం అయిపోయినకాడ ఈయన ఆగుతాడని ఏటి గేరంటీ? అలల సప్పుడింటే ఈయన కాళ్ళు ఆగవు. కెరటంలోకి ఎల్లిపోతే ఎవులు సూత్తారు? షాపులో ఫోను మోగినప్పుడల్లా నా గుండె ఆగిపోతంది. వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం తీసుకుపోతాను. ఇంక మాట లేదు."

కూతురు మంచినీళ్ళు తేవడానికి పక్కింటికి వెళ్ళింది. నా కోపం నా చేతుల్లో ఉంటే కదా, దెబ్బ తిన్న మనిషి మీదే పడ్డాను.

"అంత గట్టి రెయిలింగు ఏసినాను కదా మావా. పట్టుకుని నడిస్తే ఎలా పడతావు?"

"పట్టుకునే పడ్డాను బాబూ" అన్నాడాయన.

వాచిన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. "నీ గొట్టం మంచిదే. కానీ ఎక్కడ పట్టుకున్నా ఒక్కలాగే ఉంటాది. నానెక్కడున్నానో నా సేతికి తెలీలేదు. ముందు గోడ తడుముకుంటా ఎల్లేవోణ్ణి. గోడకి పెచ్చులూడినకాడ మెట్టు, మేకున్నకాడ కుళాయి. అది ఒగ్గేసి దీన్ని పట్టుకున్నాను. ఇది ఏటీ సెప్పదు. మాటాడని మనిషితో నడిసినట్టుంది. అదే నీకు సెబుదామనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటే ఇదే. అతుకులు అరగదీసి అరగదీసి, ఆ పైపు మీద ఆయనకి పనికొచ్చే గుర్తు ఒక్కటి కూడా మిగలకుండా నేనే తుడిచేశాను. కళ్ళు మూసుకుని రాసి చూడమన్న మా చార్జిమాన్ మాట ముప్పై రెండేళ్ళు పాటించాను గానీ, కళ్ళు మూసుకుని నడిచే మనిషిని అడగాలని తోచలేదు.

వెళ్ళబోతుంటే ఆయన చెయ్యి చాచి నన్ను ఆపాడు. "పెందుర్తిలో గాలికి ఉప్పుండదు బాబూ. ఎటేపు తిరిగి కూకోవాలో కూడా తెలీదు నాకు" అన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

మర్నాడు పట్టపగలు మా అపార్టుమెంటు మెట్ల మీద కళ్ళు మూసుకుని, రెయిలింగు పట్టుకుని దిగాను. రోజూ దిగే మెట్లే. మొదటి వరస అయిపోయిందనుకుని కాలు చదునుగా వేశాను. ఇంకో మెట్టుంది. తూలి పైపుని కావలించుకున్నాను. అప్పుడే పైకొస్తున్న రెండో అంతస్తు ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తిన్నగా మా ఇంటికెళ్ళి మా ఆవిడతో ఏమండీ బాగానే ఉన్నారా మీవారు అని అడిగిందట. నేను జరిగింది చెబితే మా ఆవిడ నవ్వలేదు. "ఆయన రెండుసార్లు సెప్పబోయినాడు కదా. మీరు ఇన్లేదు. మరి ఇప్పుడెల్లి ఇనండి" అంది. ఇంట్లో ముప్పై ఏళ్ళుగా నేను వినని మాటలు ఎన్నున్నాయో ఆ గొంతులో తెలిసిపోయింది.

శనివారం వెల్డింగు మిషనుతో వెళ్ళాం. మెట్లున్న చోట్ల పైపు మీద బొడిపెలు వేద్దామని నా ఆలోచన. ఈసారి ముందు ఆయన్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, మంచం కిందికి వంగి ఒక చుట్ట లాగాడు. పాత వలల అంచులకి వేసే తాడు.

"ఇనుం నీది. ముడి నాది" అన్నాడు.

ఆ రోజు మేమిద్దరం ఆయన దగ్గర హెల్పర్లం. మా బావ ఆయన్ని పట్టుకుని నడిపిస్తే, నేను తాడు బిగించి పట్టాలి. మొదటి మెట్ల దగ్గరికి రాగానే నేను సరిగ్గా మెట్టుకి ఎదురుగా పైపు మీద చెయ్యి వేసి, ఇక్కడేనా అన్నాను. ఆయన నా చెయ్యి తీసి మూరెడు వెనక్కి జరిపాడు.

"మెట్టుకాడ కడితే ఏటి లాభం బాబూ? పడ్డాక సెప్పినట్టుంటాది. మాట ముందు సెప్పాలి."

నాకు సిగ్గేసింది. మా బావ పక్కకి తిరిగి నవ్వుకున్నాడు, వాడికి నా మీద ఒకటి దొరికింది.

బెణికిన మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది. అయినా ఆ వేళ్ళు తాడు మీదికి వెళ్ళేసరికి వాటికి వయసు లేదు. మెట్టుకి ఒక ముడి, రెండు మెట్లకి రెండు ముడులు. మలుపు దగ్గర పైపు చుట్టూ పేనినట్టు దగ్గరదగ్గరగా చుట్టాడు. కుళాయి నీళ్ళు పారి జారే చోట బల్లపరుపుగా ఇంకో రకం. "దీనికి సెయ్యి జారదు, కాలు జారతాదని తెలుత్తాది" అన్నాడు. ప్రతి ముడికీ ఉప్పునీళ్ళు పోయమన్నాడు, ఎండితే ఇంకా బిగుస్తుందట. ఎండకి నా పైపు కాలిపోతోందని కూడా అప్పుడే తెలిసింది, తాడు చుట్టిన చోటే చెయ్యి నిలుస్తోంది. ఇన్నేళ్ళు ఇనుముతో బతికి ఆ సంగతి కూడా నాకు తట్టలేదు చూడండి.

పైపు చివరికి వచ్చాం. ఇక్కడితో రెయిలింగు అయిపోతుంది, తర్వాత ఇసక, ఇసక తర్వాత నీళ్ళు. అక్కడ ఆయన చేతిలో ఉన్న తాడు పక్కన పెట్టేసి, నడుముకి చుట్టుకున్న వేరే తాడు తీశాడు. మెత్తటి నూలు తాడు, ఎప్పటిదో, రంగు వెలిసిపోయింది. దాంతో చివరి ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాడు. చూడబోతే అది మిగతా వాటిలా లేదు, కొస ఎక్కడుందో కనపడకుండా లోపలికి దాక్కుంది.

"ఇదేటి మావా? ఎన్ని మెట్లకి?" అన్నాను.

"అది నీకు కాదులే బాబూ."

నాకు మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది. పొద్దుటి నుంచి ఎండలో నిలబెట్టి పని చేయించుకుని, అడిగితే చెప్పడా? కానీ అప్పటికి కాస్త బుద్ధి వచ్చింది కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ వారమంతా ఆయన రోజూ నడిచాడని ఆటో అతను చెప్పాడు. వెనకాల తనూ నాలుగడుగుల దూరంలో నడిచాడట. ఒక్కసారీ తడబడలేదు. అయినా అప్ప మనసు మార్చుకోలేదని చెప్పాడు.

ఆవిడ చెప్పిన ఆదివారం మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. అయినా ఉండబట్టలేక వెళ్ళాం. ఆటో సందు మొదట్లో పెట్టి ఉంది. గుమ్మంలో ఆయన సంచీ. రెండు లుంగీలు, దుప్పటి, పైన చిన్న రేడియో. నేను చేసిన నున్నటి పైపు వల్లే ఈ సంచీ ఇక్కడికి వచ్చింది.

ఆయన లేచి, పైపు పట్టుకుని నడిచాడు. మొదటి రెండు ముడులు, ఆగి, రెండు మెట్లు దిగాడు. మలుపు తిరిగాడు. తడి దగ్గర అడుగు చిన్నది చేశాడు. చివరి మూడు మెట్లూ దిగి, ఇసక అంచున నిలబడ్డాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

కూతురు ఆయన వెనకాలే వెళ్ళింది, మేమూ వెళ్ళాం. "మెట్లు దిగినావు, సరే. నాను కాదన్లేదు అయ్యా. మరి ఇక్కణ్ణుంచి? నువ్వు ఆగుతావా? ఎవులూ లేనప్పుడు ఆ నీల్లు పిలిత్తే ఆగుతావా?" అంది.

"నాను సెప్పను. నువ్వు గుమ్మంకాణ్ణుంచి కళ్ళు మూసుకుని రా. అప్పుడు నీకేటి తోత్తే అది సెయ్యి. నాను నీతో వచ్చెత్తాను" అన్నాడాయన.

ఆవిడ విసుక్కుంది, కానీ వెనక్కి వెళ్ళింది. కళ్ళు మూసుకుని పైపు మీద చెయ్యి వేసింది. మొదట భయం భయంగా, చేత్తో గాలిని తడుముకుంటూ. మొదటి ముడులు తగలగానే ఆగింది. "రెండు" అంది, తనలో తను. దిగింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి నడక మారిపోయింది. ఈ చేతులు చిన్నప్పుడు వలలు అల్లిన చేతులే కదా, బట్టల షాపు వాటికి తర్వాత వచ్చింది. మూడు ముడులు, మూడు మెట్లు. ఇంకో రెండడుగులు.

చివరి ముడి మీద చెయ్యి పడింది. ఆగిపోయింది.

వేళ్ళతో దాన్ని చుట్టూ తడిమింది. కొస కోసం వెతికింది. దొరకలేదు. కళ్ళు ఇంకా తెరవలేదు, నీళ్ళు మాత్రం రెప్పల కిందనుంచి కారిపోతున్నాయి. ఇసక అంచునే కూలబడిపోయింది.

"ఇది నా ముడి" అంది.

ఎవరితో చెబుతోందో తెలియదు, బహుశా నాతోనే. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వెళ్ళేదట. అయ్య ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునేవాడట. పిల్ల కెరటాల్లోకి పోకుండా నడుముకి మెత్తటి తాడు కట్టి, రెండో కొస తెప్పకి కట్టేవాడట. ముడి వీపు వైపు వేసేవాడు, కొస దాచేసి. "ఎంత గింజుకున్నా ఊడేది కాదు అన్నియ్యా. ఏడిస్తే, ఈ ముడి దాటితే సముద్రం ఎత్తుకుపోతాదమ్మా అనేవోడు."

పెద్దాయన సముద్రం వైపు తిరిగే ఉన్నాడు. "అప్పుడు నీకు కట్టినాను. ఇప్పుడు నాకు నానే కట్టుకున్నాను. అదే తాడు. దాటను తల్లీ" అన్నాడు.

మా బావ గబగబా బీడీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు. వాడు బీడీ మానేసి ఆరేళ్ళయింది. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కూతురు లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ ముడిని మళ్ళీ పట్టుకుంది. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. లోపల దాగిన కొసని గోటితో బయటికి లాగింది. విప్పేస్తుందనుకున్నాను.

"వదులుగా కట్టినావు అయ్యా. నీ సేతికి పట్టు తగ్గిపోనాది" అంది.

కొసని పళ్ళతో పట్టుకుని, కాలు స్తంభానికి తన్నిపెట్టి, గట్టిగా లాగి బిగించింది. మళ్ళీ కొస లోపలికి దోపేసింది. కెరటం దగ్గర్నుంచి దోసిట్లో నీళ్ళు తెచ్చి దాని మీద పోసింది. ఆ తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి, సంచీ ఎత్తి లోపల పెట్టింది.